ఒళ్లు ఇచ్చట విడువవలెను

కనిగిరి మెట్టలో అడవి కంగారూలను చూడదలచినవాళ్లు తమ ఒంటిని గేటు పక్క స్టాండులో విడిచి, తుమ్మపొదలుగా మారి లోపలికి వెళ్లాలి. మనిషి కనబడితే కంగారూలు సహజంగా ఉండడం మానేస్తాయి కాబట్టి అధికారులు ఈ ఏర్పాటు చేశారు. గుడి బయట చెప్పులు విడవడం అలవాటైన జనానికి ఇదేమంత కొత్తగా అనిపించలేదు.

కరెంటాఫీసులో సీనియర్ అసిస్టెంటు పరంధామయ్య ఓ ఆదివారం ఆ వరసలో నిలబడ్డాడు. భార్య సుభద్ర ఎండకు జడిసి బస్సులోనే ఉండిపోయింది. స్టాండు చూసుకునే మస్తానమ్మ ఆయన ఒంటిని కొక్కేనికి తగిలించింది. పొద్దున్నే నడిచి, తీపి మానేసి కాపాడుకున్న ఒళ్లు. జాగ్రత్త అని ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆమె తల ఊపింది.

లోపల కంగారూలు మహా దర్జాగా ఉన్నాయి. రెండు మగవి తోకల మీద ఆనుకుని ఒకదాన్నొకటి తన్నుకుని, అంతలోనే కొట్లాట సంగతి మరిచి పక్కపక్కనే గడ్డి మేశాయి. ఒక తల్లి వచ్చి పరంధామయ్య నీడలో చతికిలబడింది. దాని సంచిలోంచి పిల్ల తల బయటపెట్టి, ఆయన ఆకు ఒకటి కొరికి, రుచించక ఉమ్మేసింది. పరంధామయ్యకు పట్టరాని సంతోషం కలిగింది. ఈమధ్య ఆయన పక్కన అంత తీరిగ్గా ఎవరూ కూర్చోలేదు.

తిరిగొచ్చేసరికి ఆయన ఒళ్లు లేదు. బానపొట్టా, వాచిన మోకాలూ ఉన్న మరో ఒళ్లు వేలాడుతోంది.

“ముందొచ్చినోళ్లు మంచిది ఏసుకుపోతారు సార్. మిగిలింది తొడుక్కోండి, ఎండలో ఎంతసేపని వట్టిగా ఉంటారు?” అంది మస్తానమ్మ.

తొడుక్కుని కుంటుకుంటూ బస్సు దగ్గరికి పరుగెత్తాడు. ఆయన ఒళ్లు సుభద్ర పక్కన కూర్చుని పులిహోర తింటోంది. కిటికీ సీటు ఆమెకే ఇచ్చింది కూడా. అసలు మొగుడు తానేనని పరంధామయ్య మొత్తుకున్నాడు. సుభద్ర న్యాయంగానే ఇద్దరినీ పెళ్లిరోజు ఎప్పుడని అడిగింది. పరంధామయ్య తడుముకుని ఏదో నెల చెప్పాడు, అది కాదు. ఆ ఒంట్లో ఉన్నాయన మాత్రం తనకు తెలియదనీ, చెబితే గుర్తుపెట్టుకుంటాననీ అన్నాడు. బస్సు కదిలింది. పరంధామయ్యకు ఏడుపొచ్చింది.

ఏం చేస్తాడు? ఆ కొత్త ఒంటి మీది చొక్కా జేబులో ఉన్న ఆధార్ కార్డు మీది చిరునామా చూసుకుని పొదిలి వెళ్లాడు. తలుపు తీసినావిడ కాళ్లకు నీళ్లిచ్చి, కంగారూలు కనబడ్డాయా అని అడిగింది. పిల్ల ఆకు ఉమ్మేయడంతో సహా ఆయన అంతా చెప్పాడు. ఆమె హాయిగా నవ్వింది. ఆ నవ్వు చూశాక ఆయనకు దాచబుద్ధి కాలేదు.

“అమ్మా, నేను మీ ఆయన్ని కాను.”

“తెలస్తానే ఉందిలెండి. నేను గూడా ఆయన పెళ్లాన్ని కాను. పోయిన నెల కంగారూల్ని చూసొచ్చిన కాడ్నించి ఈ ఇంట్లోనే ఉంటన్నా. ఆయన కనిపెట్టలా. కూర్చోండి, అన్నం చల్లారిపోతంది.”

పరంధామయ్య పీట వాల్చుకుని కూర్చున్నాడు.