ఇమాం సాహెబు లారీకి ఎరువు

ఆళ్లగడ్డ లారీ స్టాండులో ఇమాం సాహెబును అసలు పేరుతో పిలిచేది ఒక్క కరెంటు బిల్లే. మిగతా లోకానికి ఆయన అనుమానం సాబు. టీ కొట్లో గ్లాసు చేతికిస్తే ముందు పైకెత్తి దాని అడుగు చూస్తాడు. ఇంట్లో భార్య సర్దార్‌బీ కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే, "సరిపోయింది గానీ, ఎందుకడుగుతాండావ్?" అంటాడు.

అలాంటి మనిషి కొత్త కాలపు పది చక్రాల లారీ కొన్నాడు. పాత లారీ చెడిపోతే చెడిపోయినట్టు గొంతు చించుకునేది. ఈ కొత్తది నోరెత్తదు. స్టీరింగు ముందు ఒక దీపం వెలిగించి ఊరుకుంటుంది. నోటితో చెప్పకుండా సైగలు చేసేవాళ్లను ఇమాం సాహెబు ఏనాడూ నమ్మలేదు.

గురువారం నంద్యాల మిల్లులో వడ్లు దించి తిరిగి వస్తుంటే, శిరివెళ్ల దాటగానే పసుపుపచ్చ దీపం వెలిగింది. అది యూరియా లైటు. కొత్త లారీల్లో డీజిలు ట్యాంకు పక్కన నీలం మూతతో ఇంకో చిన్న ట్యాంకు ఉంటుంది. పొగలో విషం తగ్గడానికి అందులో కంపెనీ వాళ్ల మందునీళ్లు పోయాలి. డ్రైవర్లందరూ వాటిని యూరియా నీళ్లంటారు. అవి అయిపోవచ్చాయని లైటు చెబుతోంది.

పది నిమిషాల్లో ఫోను మోగింది. "సార్, నంద్యాల షోరూము నుంచి దీవెనను మాట్లాడుతున్నా. మీ బండిలో యూరియా లైటు వచ్చింది కదా సార్?"

ఇమాం సాహెబు లారీని పక్కకు ఆపాడు. సీటు కింద చూశాడు. వెనక పరుపు ఎత్తి చూశాడు. ఎవరూ లేరు.

"నీకెట్ల తెలిసె పాపా?"

"మీ బండిలో సిమ్ కార్డు ఉంది సార్. మాకు మెసేజ్ వస్తుంది."

"నాకంటే ముందు నా బండి నీకు చెప్తాదా?"

"అవున్సార్. బండి తెస్తారా?"

ఠక్కున ఫోను పెట్టేశాడు. అంతా అర్థమైపోయింది. లైటు వెలిగించిందీ వాళ్లే, ఫోను చేసిందీ వాళ్లే. అసలు ఆ షోరూము మీద ఆయనకు మొదటి రోజు నుంచే గురి లేదు. పోగానే మెత్తని సోఫాలో కూర్చోబెట్టి, ఏసీ వేసి, కాఫీ ఇస్తారు. బండిని మాత్రం అద్దం అవతలికి తీసుకుపోతారు. "ఊరికే కాఫీ ఇచ్చేటోడు ఊరికే ఇయ్యడు" అనేది స్టాండులో ఆయన పదే పదే చెప్పే మాట.

కానీ లైటును ఊరికే వదలడానికీ లేదు. సోమవారం పొద్దున ఎనిమిదికి మిల్లు గేటు ముందు బండి నిలబెడితే, ఏడాది పొడుగునా బెంగళూరు బియ్యం లోడు ఇమాం సాహెబుదేనని మిల్లు గుమస్తా మాటిచ్చాడు. రాకపోతే అదే స్టాండులో ఉండే సమీవుల్లాకు. బండిని షోరూములో పెడితే సోమవారానికి బయటికి వస్తుందన్న నమ్మకం ఇమాం సాహెబుకు లేదు.

ఇంటికి రాగానే అడిగాడు. "ఏమే, ఆ యూరియా బస్తా యాడ పెట్టినావ్?"

సర్దార్‌బీ బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తలేదు. "ఎందుకప్పా? లారీలో వరి నాటినావా?"

"బండికే కావాల. యూరియా లైటొచ్చింది."

"దానికి పోసేది వేరే కదా?"

"వేరే ఏందీ? దాని పేరేంది?"

"యూరియా నీళ్లు."

"మన బస్తా మీద ఏమని రాసుండాది?"

"యూరియా."

"మన కొళాయిలో ఏమొస్తాయి?"

"రెండ్రోజులకోసారి నీళ్లు."

"రెండూ కలిపితే ఏమైతాది?"

"నా వరి ఎండిపోతాది," అంది సర్దార్‌బీ.

ఆమె ఏడుపు ఆమెది. కేసీ కాలువ కింద ఉన్న రెండెకరాలకు ఆ ఒక్క బస్తా సంపాదించడానికి, వరసలో చెప్పులు పెట్టి, ఆ చెప్పులకు కాపలాగా సగం రోజు ఎండలో నిలబడింది.

"ఆ షోరూము పాప నాకూ ఫోన్ చేసినాదప్పా. పొలం యూరియా పోస్తే లారీ ఎద్దుబండి అయితాదంట."

ఇమాం సాహెబు చెవులు నిక్కబొడుచుకున్నాయి. "నీ నంబరు వాళ్లకెట్ల తెలుసు?"

"బండి కొన్యాప్పుడు రెండో నంబరని నువ్వే ఇస్తివి."

"రెండోది వాళ్లకెందుకు?"

"మొదటోడి మీద వాళ్లకూ అనుమానమే ఏమో!"

శుక్రవారం పొద్దున్నే పని మొదలైంది. పండగలకు మాత్రమే దించే బిర్యానీ డేక్సా దించాడు. సగం బస్తా గుమ్మరించి, నీళ్లు పోసి, తెడ్డుతో తిప్పాడు. తన పాత లుంగీతో వడగట్టి, కంపెనీవే పాత క్యాన్లు రెండింటిలో నింపి వసారాలో పెట్టాడు. జుమ్మా నమాజుకు పోతూ గుమ్మంలో ఆగి వేలు చూపించాడు. "నేనొచ్చేదాకా ఎవురూ ముట్టగూడదు."

"నీ కషాయం ఎవురు తాగుతారప్పా? బేగా పో, నమాజుకు టైమైతాంది," అంది సర్దార్‌బీ.

నమాజు నుంచి వచ్చి చూస్తే క్యాన్లు ఉన్నచోటే ఉన్నాయి. కానీ గోడవైపు ఉండాల్సిన పిడి వాకిలివైపు తిరిగి ఉంది. గేటు దగ్గర మోటారు సైకిలు టైరు గుర్తు ఉంది. తొట్టి పక్కన టీ గ్లాసు ఉంది, దాని మీద నల్లటి వేలిముద్రలు ఉన్నాయి.

"ఎవురొచ్చినారు?"

"పక్కింటి చెన్నమ్మ."

"చెన్నమ్మ చేతికి నలుపేంది?"

"కుట్టుమిషనుకు నూనె పెడతాన్యంట."

"మోటారు సైకిలు?"

"కొడుకు దింపి పాయ."

"పక్కింటి నుంచి పక్కింటికా?"

"మోకాళ్ల నొప్పులప్పా ఆయమ్మకు!"

ప్రతి ప్రశ్నకూ జవాబు సిద్ధంగా ఉండటమే ఇమాం సాహెబుకు నచ్చలేదు. ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇది షోరూము గూఢచారి పనే. తన మందు కొలత కనిపెట్టడానికి మనిషిని పంపారు. వాళ్లు మళ్లీ వచ్చేలోపు పోసేయాలి. క్యాను మూత తీస్తే లోపల నీళ్లు బావి నీళ్లంత తేటగా ఉన్నాయి. తన లుంగీ ఇంత బాగా వడగడుతుందని ఆయనకు అంతవరకు తెలియదు.

రెండు క్యాన్లూ పోశాడు. బండి స్టార్టు చేశాడు. కాసేపటికి పసుపు దీపం మాయమైంది.

"సూస్తివా!" అని ఎగిరి గంతేశాడు.

"సూస్తి," అంది సర్దార్‌బీ. ఆ మాటలో ఏదో ఉందనిపించింది గానీ, గెలిచిన సంబరంలో పట్టించుకోలేదు.

గెలుపు కడుపులో ఆగేది కాదు. సాయంత్రం టీ కొట్లో సమీవుల్లా చెవిలో చెప్పాడు. తన లోడుకు పోటీ వచ్చేవాడి ముందే గొప్ప చెప్పుకోకపోతే ఇక గొప్పెందుకు?

"ఎంతకెంత కలిపినావన్నా?" అని అడిగాడు సమీవుల్లా.

ఇమాం సాహెబు అటూ ఇటూ చూసి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని కొలత చెప్పాడు. "ఎవురికీ చెప్పొద్దు" అని ఒట్టు కూడా వేయించుకున్నాడు. సమీవుల్లా మాట తప్పలేదు. ఇద్దరికే చెప్పాడు.

ఆదివారం మధ్యాహ్నం వీధి చివర గోల మొదలైంది. ఇమాం సాహెబు బయటికి వచ్చి చూశాడు. మూడు లారీలు వరసగా పెళ్లి ఊరేగింపులా పాక్కుంటూ వస్తున్నాయి. ఎంత తొక్కినా వేగం లేవడం లేదు. వాటి వెనక నిజమైన ఎద్దుబండివాడు దారి ఇవ్వమని తిడుతున్నాడు. మూడింటిలోనూ ఎర్ర దీపాలు వెలుగుతున్నాయి.

సమీవుల్లా కిందికి దూకాడు. "ఏం మందు చెప్పినావన్నా? శిరివెళ్ల నుంచి ఈడికి రెండు గంటలు పట్టె!"

"కొలత తప్పింటారు."

"నువ్వు చెప్పిన కొలతే!"

"వడగట్టినారా?"

"కట్టినాం!"

"దేంతో?"

"పంచెతో."

"ఆడనే చెడింది! లుంగీతో వడగట్టాల."

ముగ్గురూ ముఖాలు చూసుకున్నారు. "అట్లయితే మా కండ్ల ముందర కలిపి, నీ బండిలో పొయ్యి," అన్నాడు సమీవుల్లా.

ఇమాం సాహెబు రొమ్ము విరుచుకున్నాడు. మిగిలిన సగం బస్తా డేక్సాలో పోసి కలిపాడు. వీధి వీధంతా చూస్తుండగా బకెట్టు ఎత్తుకుని లారీ దగ్గరికి పోయాడు. నీలం మూత తిప్పాడు. అది తిరగలేదు. తాళం వేసి ఉంది. జేబులో గుత్తి తీసి చూస్తే ఆ తాళంచెవి లేదు.

"తాళంచెవి యాడ?"

"నా కొంగున," అంది సర్దార్‌బీ గుమ్మంలోంచి.

"ఇటియ్యి."

"ఇయ్యను. అది పోస్తే రేపు ఎనిమిదికి మిల్లు కాడికి నువ్వు ఒక్కడివే నడిసిపోవాల."

"మొన్న పోస్తి కదా, ఏమయింది?"

"మొన్న నువ్వు పోసింది నీ మందు కాదప్పా. నువ్వు నమాజుకు పోయినప్పుడు నేను ఫోన్ చేస్తే షోరూము పిల్లోడొచ్చి క్యాన్లలో కంపెనీది పోసి పాయ."

ఇమాం సాహెబు చేతిలోని బకెట్టులోకి తొంగి చూశాడు. "మరి నా మందు?"

"కాలవ నీళ్లలో కలిపి వరికి పెడితి. యాడికి పోవాల్నో ఆడికే పాయ."

చేతిలో బకెట్టు బరువెక్కి కింద పెట్టేశాడు. మూత తెరుచుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకున్నాడు. సిగ్గు ఒకవైపు, ఏడాది లోడు చేజారలేదన్న ఊరట ఒకవైపు. దేనికి తల వంచుకున్నాడో ఆయనకే తెలియదు.

అంతలో సర్దార్‌బీ ముందే ఫోన్ చేసి పిలిచిన షోరూము వ్యాను వచ్చి ఆగింది. దాంట్లోంచి వినీత్ అనే మెకానిక్ దిగాడు. "అక్కా, టీ ఉందా?" అంటూ గ్లాసు అందుకున్నాడు. గ్లాసు మీద అవే నల్లటి వేలిముద్రలు పడ్డాయి. మూడు బళ్లూ చూసి, ట్యాంకులన్నీ కడగాలి, రెండు మూడు రోజులు పడుతుందన్నాడు. తర్వాత ఇమాం సాహెబు చెయ్యి పట్టుకుని ఊపాడు.

"థ్యాంక్స్ సార్! మీ వల్ల ఒక్కరోజే మూడు బళ్లొచ్చినాయి. దీవెన మేడం మిమ్మల్ని కాఫీకి రమ్మన్నారు."

సమీవుల్లా కళ్లు చిన్నవయ్యాయి. ఇమాం సాహెబు బండి బాగుంది. తక్కిన మూడూ పడుకున్నాయి. రేపే లోడు. పైగా కాఫీ!

"ఒట్టు సమీ, నాకేం తెల్దు!"

"నాకు తెలిసిందిలే అన్నా," అన్నాడు సమీవుల్లా.

సోమవారం ఎనిమిదికి లారీ మిల్లు గేటు ముందు నిలబడింది. లోడు దక్కింది. బెంగళూరు నుంచి తిరిగి వచ్చాక మనసు ఒప్పుకోక, ఇమాం సాహెబు స్టాండులో అందరికీ తనే టీలు చెప్పాడు. సమీవుల్లా గ్లాసు పైకెత్తి దాని అడుగు చూశాడు. తాగకుండానే బల్ల మీద పెట్టేశాడు.

"ఊరికే ఇచ్చేటోడు ఊరికే ఇయ్యడని నువ్వే అంటివి కదన్నా."

ఇమాం సాహెబు ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాడు. సర్దార్‌బీ వడ్డిస్తూ అడిగింది. "కూరలో ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది," అన్నాడు. ఎందుకడుగుతున్నావని అడగలేదు.

సర్దార్‌బీ గరిటె ఆపి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. వెంటనే ఫోను అందుకుంది.

"ఎవురికే?"

"దీవెన పాపకు. నీ లోపల ఏ లైటు వెలిగిందో ఆ పాపనే అడగాల."