పంటి నొప్పి, ఆరోగ్య షీల్డు

"ఉద్యోగి ఆరోగ్యమే సంస్థకు మహాభాగ్యం! డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ఎవరికైనా, ఎప్పుడైనా అనుమతి ఉంది!" అని మేనేజరుగారు ప్రకటించిన రోజున ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఆ అనుమతి ఒక్కరికీ దొరకలేదు. జ్వరమంటే "సాయంత్రం వెళ్ళచ్చుగా" అనేవారు. కడుపు నొప్పంటే "తగ్గాక వెళ్ళండి" అనేవారు. పెళ్ళికని అడిగితే మాత్రం నవ్వుతూ సెలవిచ్చేవారు. అందుకని అక్కడ ఎవరికి ఒళ్ళు బాగాలేకపోయినా వాళ్ళ బంధువులింట్లో పెళ్ళి జరిగేది.

టైపిస్టుకి ఆ అబద్ధం కుదరలేదు. పిప్పిపన్ను సలిపి బుగ్గ ఇంత లావున వాచింది. వాచిన బుగ్గతో పెళ్ళికెళ్తానంటే ఎవరు నమ్ముతారు? ఇవాళ పన్ను తీయించుకోకపోతే ప్రాణం పోయేలా ఉందామెకు.

"సార్, మధ్యాహ్నం పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలండీ."

మేనేజరుగారు నోట్లో లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చారు. "ఇవాళా? చైర్మన్‌గారు మనకి ఆరోగ్య షీల్డు ఇవ్వడానికి వస్తుంటేనా? ఏడాదిలో ఒక్కరు కూడా డాక్టరు మొహం చూడని బ్రాంచి మనదేనమ్మా. ఒక్క పన్ను కోసం అందరి పరువూ తీస్తారా?"

"ఆ డాక్టరు దొరకడమే గగనం సార్. ఎన్నాళ్ళో బతిమాలితే ఇవాళ రమ్మన్నారు."

"చెయ్యి తేలికేనా?"

"నొప్పే తెలీదంటారండీ."

"ఎక్కడా క్లినిక్?"

ఆమె చెప్పింది.

"సరే, ఆ అపాయింట్‌మెంటు సంగతి నేను చూసుకుంటా. మీరు నిశ్చింతగా పని చేసుకోండి."

ఎంత మంచి మనిషో అనుకుంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ.

మధ్యాహ్నం చైర్మన్‌గారు వచ్చేసరికి మేనేజరుగారి కుర్చీ ఖాళీగా ఉంది. "బయట పనుండి వెళ్ళారండీ," అన్నాడు హెడ్ క్లర్కు. ఎదురుగా కనబడిన టైపిస్టు చేతుల్లోనే షీల్డు పెట్టి, నాలుగు మాటలు చెప్పమన్నారు చైర్మన్‌గారు. ఆమెకు నోరు తెరుచుకోలేదు.

"పాపం, ఆనందంతో మాట రావడం లేదు," అన్నారాయన.

అంతలో ఆమె బల్ల మీది ఫోను మోగింది. ఆమె చేతులు ఖాళీగా లేవని హెడ్ క్లర్కు స్పీకరు నొక్కాడు.

"మేడమ్, పళ్ళ క్లినిక్ నించండీ. మీ బదులు వచ్చారే, మీ మేనేజరుగారు, ఆయన పన్ను తీసేశాం. ఇవాళ్టికి మాట్లాడొద్దని మళ్ళీ చెప్పండి. మీకు ఇంక వచ్చే నెలలోనే ఖాళీ."

హెడ్ క్లర్కు పైకప్పు చూడసాగాడు. చైర్మన్‌గారు గొంతు సవరించుకున్నారు.

"విన్నారా? ఉద్యోగిని సీటు వదిలే పని లేకుండా, ఆవిడ బదులు తనే వెళ్ళి పన్ను పీకించుకున్నారు మీ మేనేజరు! దీన్ని సెలవనరు, త్యాగమంటారు. ఆయన డ్యూటీలో ఉన్నట్టే రాసుకోండి."

అందరూ చప్పట్లు కొట్టారు. టైపిస్టు మాత్రం షీల్డుని వాచిన బుగ్గకి ఆనించుకుంది. ఇత్తడి చల్లగా, హాయిగా ఉంది. ఆరోగ్య విధానం వల్ల ఏడాదంతా ఆ ఆఫీసులో మేనేజరుగారికి తప్ప మరొకరికి కలిగిన ఉపశమనం అదొక్కటే.