రెండో మీటరు కోసం వేరుకాపురం

లాహోరులో ఆటో నడిపే రియాసత్ ఆ పొద్దున పరాఠా నములుతూ ఇంట్లోవాళ్లకి పని పురమాయించాడు. "కరెంటు ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి మనం కొట్లాడుకోవాలి."

కొట్లాడక తప్పదు. నెలకి రెండు వందల యూనిట్లు దాటితే, కొత్త సంస్కరణ పుణ్యమా అని పేదల రేటు ఆర్నెల్లు రద్దు. ఉబ్బసం మనిషి అమ్మ, ఫ్యాను లేకపోతే కునుకు తీయదు. ఈ నెల మీటరు ఇప్పటికే నూటతొంభై నాలుగు. రీడింగు కూడా ఇవాళే. వేరే పొయ్యి చూపిస్తే వేరే మీటరు ఇస్తారని, వాకిట్లో అడ్డంగా దుప్పటి కట్టి, తమ్ముడి భార్య షమ్సా పొయ్యిని దుప్పటి అవతలకి మార్చారు.

ఇన్‌స్పెక్టరు గడప తొక్కగానే తమ్ముడు వారిస్ అందుకున్నాడు. "అమ్మ కమ్మలమ్మి ఆటో కొన్నావు. ఒక్కమాట అడిగానా, భాయ్‌జాన్?"

ఇది అనుకున్న మాట కాదు. రియాసత్‌కి ఒళ్లు మండింది. "తిన్నింటి వాసాలు లెక్కపెడతావురా! నీ పెళ్లి ఎవడు చేశాడు?"

ఇన్‌స్పెక్టరు నమ్మి కలం తీశాడు. ఈలోగా కేకలు విని గల్లీ పెద్ద హాజీ మునవ్వర్ జనంతో ఊడిపడ్డాడు. "నేను బతికుండగా అన్నదమ్ములు విడిపోవడమా?"

"ఇది మా ఇంటి గొడవ, హాజీ సాబ్. మీరెళ్లండి" అంటూ రియాసత్ కన్ను గీటాడు. హాజీకి చూపు ఆనదు. ఆయన తలపాగా తీసి రియాసత్ కాళ్ల దగ్గర పెట్టాడు. పెద్దాయన పాగా కాళ్ల దగ్గరికొచ్చాక కాదన్నవాడు మళ్లీ గల్లీలో తలెత్తుకోలేడు. నిజం చెబుదామంటే ఎదురుగా అధికారి. తన తెలివిని తనే తిట్టుకుంటూ రియాసత్ తమ్ముణ్ణి కావలించుకున్నాడు. వారిస్ నిజంగానే ఏడ్చేశాడు.

ఇన్‌స్పెక్టరూ కళ్లు తుడుచుకుని కలం జేబులో పెట్టాడు. "ఇక ఒకే పొయ్యి, ఒకే మీటరు. అల్లా చల్లగా చూడాలి!"

"తీపి జర్దా అన్నం వండించండి!" అన్నాడు హాజీ. జూలై ఉక్క. గల్లీ అంతా ఆ ఇంట్లోనే చేరింది. ఉన్న ఫ్యాన్లు చాలక పక్కింటి కూలరు తెచ్చి వీళ్ల ప్లగ్గులోనే పెట్టారు. రియాసత్ స్విచ్చి ఆపినప్పుడల్లా ఎవరో ఒకరు "పాపం, సంతోషంతో మతి పోయింది" అని మళ్లీ వేస్తున్నారు.

సాయంత్రం దాకా కూర్చుని తీపి అన్నం తిన్న ఇన్‌స్పెక్టరు, వెళ్తూ వెళ్తూ మీటరు ఫొటో తీసుకున్నాడు. ఈ నెల లెక్క రెండు వందల ఒకటి.

"ఏడవమని నీకెవడు చెప్పాడ్రా?"

"ముందు కావలించుకుందెవరు?"

చీకటి పడేసరికి అన్నదమ్ములు నిజంగానే వేరుపడ్డారు. రాసుకోవడానికి అధికారి లేడు.