టీ చల్లారేలోగా కట్టేసిన వంతెన

అభివృద్ధికి సిమెంటు, ఇసుక, ఇనుము అన్నీ దండగ! ఒక్క మౌస్ ఉంటే చాలు. నమ్మకం లేకపోతే మా వాగు దగ్గరికి రండి. పదకొండేళ్లుగా నీళ్లలో మూడు స్తంభాలు, వాటి మీద నాలుగు కొంగలు తప్ప మరేమీ లేని మా వంతెన, కిందటి నెల ఒక మంగళవారం నా టీ చల్లారేలోగా పూర్తయిపోయింది.

ఎలాగంటారా? ఆ ఫైలుకి కాపలాదారుణ్ణి నేనే. పనుల ఆఫీసులో గుమాస్తాగా ఇరవై రెండేళ్లు దుమ్ము తిన్నవాణ్ణి. ‘పని సగంలో ఉంది’ అని ఏటా రాసేవాణ్ణి. ఫైలులో కొంత చెదలు తినేవి, మిగిలింది ఇంజనీరు గారి బల్ల మీద గ్లాసు కింద పీటగా పడి ఉండేది. సిగ్గుచేటు కాదూ?

అందుకే పైనుంచి ఉత్తర్వు దిగింది. నెలాఖరుకల్లా పనులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాలి! ఎక్కించడానికి ఒక ఆపరేటరమ్మ వచ్చింది. మా వంతెన దగ్గర ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

“సార్, ఇందులో రెండే ఉన్నాయి. ‘మొదలుకాలేదు’, ‘పూర్తయింది’. సగంలో ఉందనడానికి గడి లేదు. ఏది నొక్కమంటారు?”

“మొదలుకాలేదని నొక్కితే?”

“ఇన్నేళ్లూ ఏం చేశారో రాయమంటోంది. పూర్తయిందంటే ఏమీ అడగదు.”

“మరింకా ఆలోచన దేనికమ్మా? నొక్కెయ్!” అన్నాను.

నొక్కింది. తెర మీద ఎర్రచుక్క పచ్చబడింది. ఆఫీసంతా చప్పట్లు! ఇంజనీరు గారు నా భుజం తట్టారు. ఇన్నేళ్లలో ఆయన నన్ను తట్టడం అదే మొదలు.

కంప్యూటర్‌కి మనలా బద్ధకం ఉండదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం. వంతెన ఉన్నచోట పడవెందుకు? మర్నాడు పొద్దున్నే, జనాన్ని వాగు దాటించే మా ఆఫీసు పడవని రికార్డుల్లోంచి కొట్టేసింది. పడవకి గొలుసు, గొలుసుకి తాళం పడ్డాయి. పడవ నడిపే పెద్దాయన ఫోన్‌కి ‘మీ సేవలకు ధన్యవాదాలు’ అని మెసేజ్ కూడా వచ్చింది. ఎంత మర్యాద!

“నాకు తెలీకుండా ఎప్పుడు కట్టేశారయ్యా? నేను రోజూ ఇక్కడే చస్తున్నాగా!” అని పెద్దాయన గగ్గోలు. చూశారా, కళ్లతో చూసినదాన్ని నమ్మే చాదస్తం మనవాళ్లకి ఇంకా పోలేదు.

ఇక మా ఆవిడ అదృష్టం చెబుతాను. ఆవిడ నర్సు. ఇల్లు ఇవతల, ఆరోగ్య కేంద్రం అవతల. పడవలో పావుగంట పట్టేది. ఇప్పుడు డేటా లెక్కన వంతెన మీద ఆరు నిమిషాలే! నిజానికి నలభై కిలోమీటర్లు చుట్టు తిరిగి, రెండు బస్సులు మారి వెళ్తోందనుకోండి, అది డేటాకి అనవసరం. హాజరు యాప్ మాత్రం రోజూ ‘మూడు గంటలు ఆలస్యం’ అంటుంది. టీకాల పెట్టెలో మంచు రెండో బస్సులోనే కరిగిపోతోంది. చల్లదనం పోయిన టీకా పిల్లలకి వెయ్యకూడదట. పక్కన పడేసి ఉత్త చేతులతో తిరిగొస్తోంది. మా ఆఫీసు మీది కోపంతో నాతో మాట్లాడటం కూడా మానేసింది. ఇంటినిండా ప్రశాంతత! కాగితాల కాలంలో ఇంత సుఖం ఎరుగుదునా?

ఫిర్యాదుకీ యాప్ ఉందండోయ్. ఒకటే షరతు, వంతెన మధ్యలో నిలబడి ఫోటో తియ్యాలి. మా ఆవిడ తీసింది! మొన్న శనివారం నడుముకి తాడు కట్టుకుని, ఫోన్ పైకెత్తి పట్టుకుని వాగులోకి దిగింది. మధ్య స్తంభం దాకా నడుములోతు. ఆ పైన పెద్దాయన గెడకే అడుగు అందదు.

“జాగ్రత్తే!” అని అరిచాను.

“మీరు నోరు మూసుకుని ఆ తాడు గట్టిగా పట్టుకోండి!” అంది. నెలరోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.

నిమిషంలో జవాబు! తడిబట్టలతో ఒడ్డెక్కి ఫోన్ నా మొహాన పెట్టింది. ‘మీ ఫిర్యాదు పరిష్కరించాం. వంతెన మధ్యలో మనిషి ఉన్నట్టు నిర్ధారణ అయింది. ఈ వంతెనను వాడిన తొలి ప్రయాణికురాలిగా మీకు అభినందనలు! మీ ప్రయాణానికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?’

నేను పగలబడి నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

“అవతల ఇరవై ముగ్గురు పిల్లలండీ. రెండో టీకాకి గడువు శుక్రవారంతో సరి. పూర్తయిందని నొక్కమన్న మహానుభావుడెవరో ఒక్కసారి చూడాలనుంది” అంది.

ఆ మహానుభావుణ్ణి నేనేనని చెప్పకుండా తడిసిన తాడు చుట్టుకుంటూ కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడు పేపర్లో నేను రాసిన ఈ ముక్కలు చదివి తెలుసుకుంటుంది.

ఇవాళ శుక్రవారం. మీరు ఇది చదివే వేళకి నేను పడవ దగ్గర గొలుసు కోస్తూ ఉంటాను. ఇనుము కోసే రంపం పక్కింటి మెకానిక్‌ని అడిగి తెచ్చుకున్నాను. మంచు కరగకముందే టీకాల పెట్టె అవతలికి చేరుతుంది. ఆఫీసు పడవ ఎత్తుకుపోయానని మా ఇంజనీరు గారు కేసు పెడతారా? నిక్షేపంలా పెట్టుకోమనండి. ముందు ఆ పడవ ఉన్నట్టు కంప్యూటర్‌లో ఎక్కించాలి కదా!