నలభై ఎనిమిది సీసాలూ, ఫిర్మాన్ గడ్డమూ

ఆ రోజుకు ఒడీల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి ప్రయోగశాలకు వెళ్ళాలి, నలభై ఎనిమిది సీసాల్లోనూ ఏమీ లేదని చూసుకోవాలి, పదకొండింటికి పరిశీలన సంఘం ముందు ఆ మాట చెప్పుకుని ఏడవాలి. లియేజ్ విశ్వవిద్యాలయంలో మూడేళ్ళు చేసిన పరిశోధనకు అంతకంటే గౌరవమైన ముగింపు ఆమెకు తోచలేదు.

ఆమె పనిచేసే మందు అణువులో రెండు రకాలున్నాయి. ఎడమ చెయ్యీ కుడి చెయ్యీలా రెండూ ఒకే పోలిక, కానీ ఒకటి కాదు. ఎడమది రోగం తగ్గిస్తుంది, కుడిది వాంతులు తెప్పిస్తుంది. ఎడమదాన్ని మాత్రమే పట్టుకుని స్ఫటికంగా కట్టించే జోడీ పదార్థాన్ని వెతకాలి. సీసాకొక సంబంధం చొప్పున నలభై ఎనిమిది చూసింది. ఒక్కటీ కుదరలేదు.

అందుకే నిన్న సాయంత్రం బుద్ధి గడ్డి తిని ఫిర్మాన్‌ను పిలిచింది. ఆయన అక్కడ ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న టెక్నీషియన్. ఆయన గడ్డానిదీ అంతే వయసు. ఆ భవనంలో ఎగిరిన ప్రతి పొడీ అందులో ఉందనీ, మొండికేసిన ద్రావణం మీద దాన్ని దులిపితే ఏదో ఒక పొడి విత్తనంలా పడి, దాని చుట్టూ స్ఫటికం కడుతుందనీ ఆ వృత్తిలో పాత నమ్మకం. ఫిర్మాన్ ప్రతి సీసా మీదా వంగి, శ్రద్ధగా దులిపి వెళ్ళాడు.

పొద్దున తలుపు తీసేసరికి ఒడీల్ గుండె జారిపోయింది. నలభై ఎనిమిది సీసాల్లోనూ తెల్లటి సూదుల్లా స్ఫటికాలు! ఒక్కొక్కటే తీసి పరీక్షించింది. అన్నీ ఎడమవే. ఒక్క సీసాలో కట్టి ఉంటే ఎగిరి గంతేసేది. అన్నిట్లోనూ కట్టాయంటే గడ్డం దులిపిన సంగతి బయటపడ్డట్టే. 'బయటి పొడి కలిసింది' అన్న మాట సంఘం నోట వచ్చిందా, మూడేళ్ళ కష్టమూ మ్యూజ్ నదిలో కలిసినట్టే.

"ఫిర్మాన్ గారూ, కొంప మునిగింది!"

"ఏమైందమ్మాయ్, కట్టలేదా?"

"అన్నీ కట్టాయి!"

"మరి ఏడుపెందుకు?"

"ఎలా కట్టాయని అడిగితే మీ గడ్డం చూపించనా?"

ఫిర్మాన్ ముఖం పాలిపోయింది. ఒకరి భయం ఇద్దరిదైతే సగమవుతుందంటారు గానీ, అది రెట్టింపయింది. ఒడీల్ సీసాలన్నీ వేడి చేసి సూదులను కరిగించేసింది. బల్లలూ గరిటెలూ మరిగే నీళ్ళతో కడిగింది. ఆఖరికి ఆయన గడ్డం వైపు చూసింది.

"వద్దమ్మాయ్! కావాలంటే నన్ను చంపు, దీన్ని వదిలెయ్" అంటూనే ఆయన కత్తి అందుకున్నాడు. ఇరవై రెండేళ్ళ గడ్డం తూములోకి పోయింది. చల్లారిన సీసాలు ఊటనీళ్ళలా తేటగా నిలిచాయి.

పదకొండింటికి సంఘం అధ్యక్షురాలు మదాం కొలినే, "ఏమైనా కట్టిందా?" అని అడిగింది. 'ఏమీ కట్టలేదు' అనే అబద్ధం సిద్ధం చేసుకునే వచ్చింది ఒడీల్. కానీ భయంతో గడ్డం సంగతితో సహా అంతా కక్కేసింది.

మదాం లేచి నిలబడింది. ఒడీల్ కళ్ళు మూసుకుంది.

"నలభై ఎనిమిది జోడీలతోనూ అవే సూదులా? అంటే దానికి జోడీయే అక్కర్లేదు! పిచ్చిదానా, పెళ్ళొద్దన్న పిల్లకి మూడేళ్ళు సంబంధాలు చూశావు. సరైన విత్తనం పడితే ఎడమది ఒంటరిగానే కడుతుంది. ఇంత గొప్ప విషయం కనిపెట్టి ఏడుస్తావేంటి? ఏదీ, చూపించు!"

ఒడీల్ తేట సీసాలు చూపించింది.

"పోనీ, విత్తనం?"

ఆమె వెంట వచ్చిన ఫిర్మాన్ నున్నటి చుబుకం చూపించాడు. సంఘంలోని ఆచార్యులు ముగ్గురూ ఆయన కాలరు దులిపి, చెవుల వెనక భూతద్దం పెట్టి వెతికారు. ఒక్క వెంట్రుకా దొరకలేదు.

"ఆరు నెలలు గడువిస్తున్నాను" అంది చివరికి మదాం. "ఈయన గడ్డం పెంచుకుని ఆ పాత గదుల్లోనే తిరగాలి. మళ్ళీ కట్టించి చూపిస్తే పట్టా నీది. లేకపోతే ఇంటికే."

ఒడీల్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. అంతలో ఫిర్మాన్ ఫోన్ మోగింది. చేసింది ఆయన భార్య జోసియాన్. ఓదారుస్తుందేమోనని ఆయన పొద్దున్నే తన కొత్త ముఖం ఫొటో పంపాడు. ఆవిడ మాత్రం ఒడీల్‌కు ఫోనిమ్మంది.

"తల్లీ, నువ్వేనా తీయించింది? ఇరవై రెండేళ్ళు కాళ్ళావేళ్ళా పడ్డా విన్లేదీ మనిషి. నీ కడుపు చల్లగుండ! ఆదివారం భోజనానికి రా, బియ్యం టార్ట్ చేస్తా. ఇంకోసారి గడ్డం పెంచాడా, గుమ్మం తొక్కనివ్వను!"

మూడేళ్ళలో ఒడీల్ చేసిన పనిని ఒకరు మనసారా మెచ్చుకోవడం అదే మొదటిసారి.