ఒకటో నంబరు

ఒక పెద్ద అడవిలో వాగు పొంగడం ఏటా ఉన్నదే. ఆ కబురు అంతా మునిగాక అందడమూ ఏటా ఉన్నదే. ఈసారి మాత్రం జంతువులన్నీ పట్టుబట్టి, ఫోన్ల మధ్య కబుర్లు చేరవేసే రౌటరు పెట్టించుకున్నాయి.

అందరికంటే గట్టిగా అడిగింది కుందేలు. దాని బొరియ వాగు ఒడ్డునే, లోపల ఇంకా కళ్ళు తెరవని పిల్లలు నాలుగు. ఎగువన కాపలా ఉండే కొంగ ఫోన్లో కబురు పెడితే, పిల్లల్ని మిట్టకు చేర్చుకునే వ్యవధి దొరుకుతుంది. పాపం, అది అడిగిందల్లా అంతే.

పట్నంలో పని నేర్చుకొచ్చిన కోతి పెట్టె బిగించి సంగతి చెప్పింది. కలిసిన ప్రతి ఫోనుకూ రౌటరు వరసగా ఒక నంబరు ఇస్తుంది. ఒకటో నంబరు మాత్రం రౌటరుదే. ఎవరి కబురైనా ముందు ఆ నంబరుకు వెళ్ళి, అక్కణ్ణుంచి చేరాల్సిన చోటికి చేరుతుంది.

రెండు రోజులు బాగానే నడిచింది. మూడోనాడు కార్యదర్శి నక్క నంబర్ల జాబితా దర్బారులో చదివింది. కప్పకు పన్నెండు, పందికి పదిహేను, మహారాజు సింహంగారికి నలభై మూడు. ఎవరూ నవ్వలేదు. నవ్వొచ్చినవి దగ్గాయి.

"ఆ పెట్టెకు ఒకటి, మాకు నలభై మూడా?" అన్నారు సింహంగారు.

ఒకే నంబరు ఇద్దరికుంటే కబుర్లు దారి తప్పుతాయనీ, ఇది హోదా కాదు, చిరునామా అనీ కోతి బతిమాలింది. హోదా లేని చిరునామా ఎలా ఉంటుందో నక్కకు అర్థం కాలేదు. సింహంగారి ఫోనుకు ఒకటో నంబరు పెట్టాలని ఉత్తర్వు తయారు చేయించింది. కోతి పెట్టింది. ఉద్యోగం కదా, ఏం చేస్తుంది?

ఆనాటి నుంచి కబుర్లన్నీ రౌటరుకు బదులు సింహంగారి ఫోనుకు వచ్చి అక్కడే ఆగిపోయాయి. అడవంతా తమకే విన్నవించుకుంటోందని ఆయన మురిసిపోయారు. చదివే అలవాటు మాత్రం ఆయనకు లేదు.

వారం తిరక్కుండా పట్టపగలు వాగు పొంగింది. కొంగ పదకొండుసార్లు కబురు పెట్టింది. కుందేలు ఫోను పక్కనే పెట్టుకుని, అది మోగలేదు కదా అన్న ధైర్యంతో పిల్లలకు పాలిస్తూ కూర్చుంది. నీళ్ళు లోపలికి వచ్చాక మూడు పిల్లల్ని నోట కరుచుకుని బయట పెట్టగలిగింది. నాలుగోది దొరకలేదు.

మర్నాడు కుందేలు దర్బారుకు వెళ్ళింది.

"కొంగ పెట్టిన కబురు మీకు వచ్చిందట కదా మహారాజా?"

"వచ్చింది. అందరికంటే ముందు మాకే వచ్చింది," అన్నారు సింహంగారు తృప్తిగా.

కుందేలు ఫోను అక్కడే నేలమీద పెట్టి, ఉన్న మూడింటినీ తీసుకుని మిట్టెక్కిపోయింది. మర్నాటికల్లా మిగతా జంతువులూ ఫోన్లు వదిలేశాయి. విచారణ సంఘం తప్పంతా రౌటరుదేనని తేల్చి దాన్ని సస్పెండ్ చేసింది.

పోయిన నెల వేటగాళ్ళు వచ్చారు. కొంగ గొంతు చించుకుని అరిచింది, క్షణాల్లో అడవి ఖాళీ అయింది. ఆ అరుపు సింహంగారికీ వినబడింది. కానీ అది ఫోన్లో పద్ధతి ప్రకారం రాలేదు గనక, వచ్చేదాకా చూద్దామని ఆయన గుహలోనే కూర్చున్నారు.

నీతి: కబురన్నది ముందు పెద్దలకే చేరాలి, మిగతావాళ్ళు పరిగెత్తడం నేర్చుకుంటే చాలు.