ఉమ్మడి ఇంజన్ మహిమ

ఆగి ఆగి నడిచే డీజిల్ ఇంజన్ రైతుకు దేవుడిచ్చిన వరం. నవ్వకండి. నిక్షేపంగా నడిచే ఇంజన్ బావిలో నీళ్లు తోడుతుంది, అంతే. ఆగిపోయే ఇంజన్ మనిషిని తోడుతుంది! మనసు అడుగున పేరుకున్నదంతా పైకి వచ్చేస్తుంది. ఇంత మంచి వైద్యం ఏ పట్నం డాక్టరు చేయగలడు?

పూతలపట్టు పక్కన, కరెంటు ఇంకా రాని పల్లెలో, దేవరాజులు సంగతే చూడండి. ఈ వేసవిలో ఆయనా, తమ్ముడు మునిరత్నమూ వేరుపడ్డారు. ఇంటికి అడ్డంగా గోడ లేచింది. పశువుల్ని పంచుకున్నారు. బావినీ, దాని గట్టు మీది ఇంజన్‌నూ మాత్రం చీల్చడం కుదరక, ఒక పొద్దు అన్నకు, ఒక పొద్దు తమ్ముడికి అని వంతు పెట్టుకున్నారు. మాటలకు మాత్రం ఏ వంతూ లేదు.

విజయదశమి వెళ్లింది, వాన రాలేదు. దేవరాజులు చెరకు ఆకులు చుట్టుకుపోతున్నాయి. ఈ తడి అందకపోతే తోట దక్కదు. సరిగ్గా అప్పుడే ఇంజన్‌కు జబ్బు చేసింది. హ్యాండిల్ తిప్పితే లేస్తుంది. ఒక బీడీ కాల్చినంత సేపు నడిచి, దగ్గి, ఆగిపోతుంది. డీజిల్ అయిపోయిందేమోనని ట్యాంకు మూత తీస్తే నిండుగా ఉంటుంది. తిప్పితే మళ్లీ లేస్తుంది. మూత బిగించి చెరకులోకి దిగేసరికి మళ్లీ నిశ్శబ్దం.

తెలివితక్కువవాడైతే పైపు విప్పేవాడు, ఫిల్టర్ కడిగేవాడు. దేవరాజులు అలాంటివాడు కాదు. ఇంజన్‌లో లోపం వెతకాలంటే స్పానర్ కావాలి. తమ్ముడిలో వెతకడానికి ఏం కావాలి? గట్టు మీద కూర్చుని ఆలోచించాడు. డీజిల్‌లో బెల్లం వేసి ఉంటాడు! చిన్నప్పుడు తన బొంగరం మేకు పీకింది వీడే కదా? మేకు పీకినవాడు బెల్లం వేయడా? ఆలోచించిన కొద్దీ ఆ బెల్లం అచ్చు ఎంతుందో కూడా కళ్లకు కట్టింది.

మునిరత్నం వంతులోనూ ఇంజన్ అలాగే చస్తోంది. అన్న కిరసనాయిలు కలిపాడని అతనూ తేల్చుకున్నాడు. ఇద్దరిదీ ఒకటే కష్టమని తెలియాలంటే మాట్లాడుకోవాలి కదా!

చివరికి భార్య జ్ఞానాంబ పోరు పడలేక దేవరాజులు రోడ్డు మీది షెడ్డు నుంచి మెకానిక్ ధనంజయను పిలిపించాడు. సంగతి తెలిసి మునిరత్నమూ వచ్చి బావికి అవతలి వైపు నిలబడ్డాడు.

"డీజిల్ వాసన సూడప్పా. బెల్లం వాసన వస్తా ఉండాది," అన్నాడు దేవరాజులు, తమ్ముడి వైపు చూడకుండా.

"కిరసనాయిలు వాసన తగల్లేదంటనా ఆ పెద్దమనిషికి?" అన్నాడు మునిరత్నం, బావిలోకి చూస్తూ.

ధనంజయ ఫిల్టర్ విప్పాడు. శుభ్రంగా ఉంది. గాలి పట్టిందేమోనని పైపు వదులు చేశాడు, లేదు. ఇంజన్ లేపి, అది దగ్గడం మొదలవగానే ట్యాంకు మూత తిప్పాడు. ట్యాంకు ఉస్సుమని గాలి పీల్చుకుంది. అతను మూత తిరగేసి నవ్వాడు.

"డీజిల్ కిందికి దిగాలంటే పైనుంచి గాలి పోవాల. మూతకుండే ఈ సన్న బొక్క పూడిపోయిండాది. ఆయుధపూజకు పూసిన గంధమప్పా ఇది."

ఏటా ఒక ఇంటి పూజ, ఒక బొట్టు. ఈ ఏడు వేరుపడ్డారు కనుక రెండు పళ్లేలు వచ్చాయి, రెండు గిన్నెల గంధం అదే మూతకెక్కింది. జ్ఞానాంబ గాజుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. ధనంజయ బొక్క పొడిచాడు. ఇంజన్ ఎత్తుకుంది, కాలువలోకి నీళ్లు ఎగిరి పడ్డాయి.

దేవరాజులు ముఖం వాడిపోయింది. బెల్లం పోయింది, కిరసనాయిలూ పోయింది. ఏ తప్పూ చేయని తమ్ముణ్ణి ఏం చేసుకోవాలి? ఆ ఖాళీని భరించడం సామాన్యమా? చివరికి తమ్ముడి వైపే తిరిగాడు.

"బొక్క యాడుండాదో సూసుకోకుండా ముందు పూసిందెవురు?"

"ముందు మేమే. పైన మెత్తి పూడ్సింది నువ్వు గదన్నా," అన్నాడు మునిరత్నం.

చూశారా, నడుమ మనిషి లేకుండా మాట్లాడుకుంటున్నారు! ముందు గంధమా, వెనక గంధమా అని వాదన ముదిరింది. చెరకులోకి నీళ్లు తిప్పాల్సిన జ్ఞానాంబ పార పడేసి, తను పూసింది చిటికెడేనని చెప్పడానికి వచ్చింది. గోడ అవతలి నుంచి తోడికోడలూ వచ్చింది.

నీళ్లు చెరకులోకి తిరగకుండా నేరుగా బండిబాటలోకి పారాయి. చెప్పులు చేత పట్టుకుని ఆ బురదలోంచి పోతూ ధనంజయ నీళ్లు పోతున్నాయని కేకేశాడు, ఎవరికీ వినపడలేదు. కనీసం ఇంజనైనా ఆగితే బాగుండేది. కానీ అది బాగైపోయింది కదా!